చైనాతో పోటీ: డబ్బు ముందు కొండల మీద పెట్టాలా, సముద్రం మీదా?

రక్షణ ఖర్చులో చైనాతో సరితూగే స్తోమత మనకు లేదు. ఉన్నదాంట్లో ముందు లద్దాఖ్, అరుణాచల్ సరిహద్దు చూసుకోవాలా, హిందూ మహాసముద్రంలో నౌకాదళాన్ని పెంచుకోవాలా?

సముద్రం వాదన వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. చైనా కొనుక్కునే చమురులో ఎక్కువ భాగం మలేషియా, ఇండోనేషియాల మధ్య ఉన్న ఇరుకైన మలక్కా జలసంధి మీదుగానే పోతుంది. ఆ దారికి దగ్గర్లోనే మన గ్రేట్ నికోబార్ ఉంది, 2012 నుంచి అక్కడ ఐఎన్‌ఎస్ బాజ్ నౌకాదళ స్థావరం కూడా ఉంది. లద్దాఖ్‌లో వాళ్లు నొక్కితే ఇక్కడ మనం గొంతు పట్టుకోవచ్చని టీవీ చర్చల్లో మ్యాప్ పెట్టి మరీ చెప్తుంటారు. కానీ అదే దారిలో జపాన్, కొరియాల సరుకూ వెళ్తుంది. ఏ ట్యాంకర్ మీద ఎవరి జెండా ఉంది, లోపలి చమురు ఎవరిది అని తేల్చేలోపే కొత్త శత్రువులు తయారవుతారు. పైగా చైనాకు రష్యా, కజకిస్థాన్, మయన్మార్ వైపు నుంచి పైపులైన్లున్నాయి. అన్నిటికీ మించి, ట్యాంకర్లను ఆపడమంటే యుద్ధానికి దిగడమే.

కొండల్లో జరుగుతున్నది ఆ స్థాయి యుద్ధం కాదు. కాస్త కాస్తగా ముందుకు జరిగి అక్కడే పాతుకుపోవడం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తుపాకులు పేలలేదు. మేకులు దిగ్గొట్టిన కర్రలతో, రాళ్లతో కొట్టుకున్నారు. మనవాళ్లు 20 మంది చనిపోయారు, సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా. ఆ రాత్రి విశాఖలో ఎన్ని జలాంతర్గాములుంటే మాత్రం ఏం లాభం?

అందుకే నా ఓటు ముందు కొండలకే. అలాగని జవాన్లను కుప్పలుగా నింపమని కాదు. 2013లో ఆమోదం పొందిన మౌంటెన్ స్ట్రైక్ కోర్ (కొండల్లో ఎదురుదాడికి దిగే ప్రత్యేక సైనిక దళం) డబ్బు చాలక సగంలోనే ఆగింది. అసలు పని చేసేది రోడ్డు. వేసవిలో మంచు కరిగి ష్యోక్ నది పొంగితే లద్దాఖ్ ఉత్తర కొసన ఉన్న మన సరిహద్దు స్థావరం దౌలత్ బేగ్ ఓల్డీకి రోడ్డు దారే ఉండేది కాదు. 255 కిలోమీటర్ల కొత్త రోడ్డుతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. అరుణాచల్‌లో తవాంగ్ వైపు 2024లో సేలా సొరంగం తెరిచారు. ఇలాంటివి ఇంకా కావాలి.

సముద్రానికి మిగిలే డబ్బుతో జలాంతర్గాములు కొనాలి. మనం కట్టుకున్న విమానవాహక నౌక విక్రాంత్‌కు సుమారు 20,000 కోట్లయింది, మూడో విమానవాహక నౌక కొన్నేళ్లు ఆగినా కొంప మునగదు.