రాళ్ల సేకరణ: కొనాలా, మార్చుకోవాలా?

కొనడంలో సుఖం ఉంది. పుణె దగ్గర వాఘోలి క్వారీల్లో దొరికిన కావన్‌సైటు అనే నీలి ఖనిజం కావాలంటే మార్పిడి కోసం ఎదురుచూసి లాభం లేదు. ఆ నీలి గుత్తులను ఎవరూ ఊరికే వదులుకోరు. అయితే డబ్బున్న చోట మోసమూ ఉంటుంది. స్టిల్‌బైటు అనే తెల్లని ఖనిజం మీద కావన్‌సైటు నీలి బంతిని జిగురుతో అంటించి అమ్మేవారున్నారు. అతుకు దగ్గర భూతద్దం పెట్టి చూడాలి. అతినీలలోహిత దీపం కింద చాలా రకాల జిగురు మెరిసి పట్టుబడుతుంది.

మార్పిడిలో బేరం తక్కువ, కబుర్లు ఎక్కువ. గూడూరు అభ్రకం పలక, మంగంపేట ముగ్గురాయి మనకు మామూలువే. దూరాన ఉన్నవారికి అలా కాదు. అవతలివారు రాయితోపాటు అది ఏ క్వారీలో దొరికిందో చీటీ రాసి పంపుతారు. ఆ చీటీ లేని రాయి నా దృష్టిలో సగం రాయే. చిక్కల్లా రెండు వైపులా విలువ కుదరడమే. పైగా పార్సిల్‌లో దెబ్బ తగిలితే అపోఫిల్లైటు లాంటి స్ఫటికం పలకలుగా చీలిపోతుంది.

కావన్‌సైటు లాంటివి కొనడమే మేలు. స్టిల్‌బైటు, అపోఫిల్లైటు మహారాష్ట్ర క్వారీల నుంచి విస్తారంగా వస్తాయి కాబట్టి, వాటికి డబ్బు పెట్టమని మాత్రం చెప్పను.