లినక్స్ బాండింగ్ డ్రైవర్: నమ్మకమైనదే, కానీ డిఫాల్ట్‌తో వదిలేయకండి

మా ఆఫీసు ఫైల్ సర్వర్‌లో రెండు గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులను బాండింగ్ డ్రైవర్‌తో (కొన్ని పోర్టులను కలిపి ఒకే లింకులా వాడనిచ్చే సాఫ్ట్‌వేర్) 802.3ఏడీ మోడ్‌లో (స్విచ్‌తో మాట్లాడుకుని పోర్టులను కలిపే పద్ధతి) నడుపుతున్నాను. ఒక కేబుల్ ఊడినా పని ఆగదు, ఆ విషయంలో దీనికి పూర్తి మార్కులు.

కానీ మొదట్లో బయటికెళ్లే ట్రాఫిక్ అంతా ఒక్క పోర్టు మీదే! రెండోదాని టీఎక్స్ (పంపిన డేటా) కౌంటర్ దాదాపు కదిలేది కాదు. కారణం డిఫాల్ట్‌గా ఉండే లేయర్2 హ్యాష్ పాలసీ (ఏ ప్యాకెట్ ఏ పోర్టులో వెళ్లాలో తేల్చే నియమం). అది చూసేది ప్రధానంగా మ్యాక్ అడ్రసులనే (నెట్‌వర్క్ కార్డుల హార్డ్‌వేర్ చిరునామాలు). మా సిస్టమ్‌లన్నీ వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో వేరే భాగం) ఉన్నాయి కాబట్టి సర్వర్‌కి కనిపించేది గేట్‌వే (మధ్యలోని రౌటర్) మ్యాక్ ఒక్కటే. ఇక పంచడానికి ఏముంది? లేయర్3+4కి మార్చాక ఐపీలు, టీసీపీ/యూడీపీ పోర్టు నంబర్లు (కనెక్షన్లవి, కేబుల్ పోర్టులవి కావు) లెక్కలోకొచ్చాయి, రెండు లింకులూ పని అందుకున్నాయి.

లోపలికొచ్చే ట్రాఫిక్‌ని పంచేది మాత్రం స్విచ్చే. అక్కడి హ్యాష్ సెట్టింగ్ విడిగా చూడాలి. కొన్ని చవక స్విచ్‌లలో అది మార్చనివ్వరు, కొనేముందే అడగండి.

ఒక్క పెద్ద ఫైలు కాపీ చేసి 2 జీబీపీఎస్ రాలేదని దీన్ని తిట్టకండి. ప్యాకెట్ల వరస తప్పకూడదని ఒక కనెక్షన్‌ని ఒకే లింకు మీద ఉంచుతుంది.