అమెరికన్ ఆర్మీ పాత నల్ల బూట్లు: ఏళ్ళ తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. సైజు కుదిరితే ఈ ధరలో ఇంత గట్టి తోలు బూటు దొరకడం కష్టం. కుదరకపోతే ఎంత నూనె రాసినా, ఎన్నాళ్ళు తొడిగినా అది దారికి రాదు. "వేసుకుంటూ ఉంటే అదే సాగుతుంది" అని అమ్మేవాళ్ళు చెప్పేది సగమే నిజం. తోలు వెడల్పులో కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది, పొడవులో మాత్రం సాగదు. ముందు వేళ్ళ మీద గట్టి టో, వెనక మడమ చుట్టూ కౌంటర్ అనే గట్టి పట్టీ, కింద అంచంతా పట్టుకుని సోల్. ఇక సాగడానికి చోటెక్కడ?

ఇక్కడ చెబుతున్నది 1960ల చివరి నుంచి 1980ల మధ్య దాకా అమెరికా సైన్యంలో నడిచిన నల్ల తోలు కంబాట్ బూటు గురించి. ఎత్తు సుమారు 10 అంగుళాలు, కింది నుంచి పైదాకా ఐలెట్లే (లేసు దూర్చే కంతలు), అడుగున వీ ఆకారపు చెవ్రాన్ గీతలున్న రబ్బరు సోల్. ఈ సోల్‌ని కుట్టరు. అచ్చుకి బిగించిన పై తోలుకే రబ్బరుని వేడి మీద ఒత్తి అతికిస్తారు. దీన్నే డైరెక్ట్ మోల్డెడ్ సోల్ అంటారు. దీనికి ముందు తరం నల్ల బూటు గుడ్‌ఇయర్ వెల్ట్, అంటే సోల్ చుట్టూ కుట్టు ఉండేది. వియత్నాం అడవుల కోసం చేసిన జంగిల్ బూటు వేరు. దాని పై భాగం సగం తోలు, సగం గుడ్డ, పక్కన నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు. దాని ప్రస్తావన కూడా అక్కడక్కడ వస్తుంది.

అసలుదో నకలో తేల్చేది లోపలి ముద్ర. బూటు లోపలి గోడ మీదో నాలుక మీదో సైజు, వెడల్పు అక్షరం, కాంట్రాక్ట్ నంబరు ఉంటాయి. నంబరు డీఎస్ఏ 100 అని మొదలైతే 1977కి ముందుది, డీఎల్ఏ 100 అని మొదలైతే ఆ తర్వాతది. డిఫెన్స్ సప్లై ఏజెన్సీ పేరు 1977 జనవరిలో డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీగా మారింది. 100 తర్వాత వచ్చే రెండంకెలు కాంట్రాక్ట్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం: 69 అంటే 1969. అది కాంట్రాక్ట్ ఏడాదే కానీ బూటు తయారైన ఏడాది కాదు, కొన్ని నెలలు అటూఇటూ అవుతుంది. నెల, సంవత్సరం విడిగా కొట్టి ఉంటే దాన్నే నమ్మాలి. కాంట్రాక్ట్ నంబరు లేకుండా ఉత్త "10 డి" అని ఉంటే అది బజారు కోసం చేసిన సరుకు. సైన్యానికి సరఫరా చేసిన కంపెనీలే బయటికీ అమ్మేవి కాబట్టి నాణ్యత తక్కువని కాదు. కానీ దానికి సర్ప్లస్, అంటే సైన్యం మిగులు సరుకు, ధర పెట్టక్కర్లేదు.

తోలు కంటే ముందు సోల్ చూడాలి. పాత బూట్ల జాతకం అక్కడే ఉంది. ఇందులోది వల్కనైజ్ చేసిన, అంటే గంధకంతో వేడిచేసి గట్టిపరచిన, రబ్బరు. అది వయసుతో గట్టిపడుతుంది, వంపు దగ్గర సన్నటి పగుళ్ళు వస్తాయి కానీ పొడి పొడిగా రాలిపోదు. తర్వాతి కాలంలో చాలా దేశాల సైన్యాలు వాడిన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ సోల్ అలా కాదు. గాలిలోని తేమకే దాని అణువులు విరిగిపోతాయి. అసలు వాడకుండా పెట్టెలో ఉంచినా సరే, జిగురుగానో ముక్కలుగానో విడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇంకా త్వరగా. "కొత్తది, ఒక్కసారి కూడా తొడగలేదు" అన్నది పాలీయురేథేన్ విషయంలో మంచి మాట కాదు. ఆ రకం సోల్ వాడుతూ ఉంటేనే కాస్త ఎక్కువ కాలం బతుకుతుంది.

రబ్బరు సోల్‌ని పరీక్షించే పద్ధతి: బూటుని రెండు చేతులతో పట్టుకుని వేళ్ళ వంపు దగ్గర మెల్లగా వంచండి. గీతల మధ్య వెంట్రుక వాసి పగుళ్ళు కనిపిస్తే పర్లేదు. పగులు తెరుచుకుని లోపలి పొర కనిపిస్తే వదిలేయండి. గోరు నొక్కితే కొంచెం దిగి మళ్ళీ పైకి రావాలి. గోరు అసలు దిగకపోతే తడి గ్రానైట్ మీద, పాలిష్ టైల్స్ మీద జారుతుంది. తర్వాత సోల్ అంచు తోలుని కలిసే గీత చుట్టూ బొటనవేలు నడపండి. ఎక్కడైనా సందు దొరికితే నీళ్ళు దూరేది అక్కడే. ఫొటోలు చూసి కొంటుంటే వంచిన ఫొటో, ముద్ర ఫొటో, మడమ వెనక ఫొటో అడగండి. ఇవ్వనంటే అక్కడ కొనకండి.

తోలు మీద తెల్లటి పొర ఉంటే భయపడనక్కర్లేదు, కానీ అదేమిటో తేల్చుకోవాలి. హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని కాస్త వెచ్చజేస్తే కరిగి మాయమైతే అది తోలులోని కొవ్వు పైకి తేలింది. గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కరగకుండా మచ్చలు మచ్చలుగా ఉండి ముక్కిన వాసన వేస్తే బూజు. నీళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సమపాళ్ళలో కలిపి, తడిపిన గుడ్డతో లోపలా బయటా తుడిచి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి. బూజు దుమ్ము పీల్చకుండా ఈ పని ఆరుబయట చేయండి.

ఇక సైజు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. స్పోర్ట్స్ షూ సైజు చూసి ఆర్డరు పెట్టొద్దు. సాయంత్రం, వేసుకోబోయే మేజోళ్ళతో, నిలబడి, గోడకి మడమ ఆనించి కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి. పొడవు అంగుళాల్లో ఎంతొస్తే దాన్ని మూడుతో హెచ్చవేసి 22 తీసేయండి. పదిన్నర అంగుళాలైతే 31.5 లోంచి 22 పోగా 9.5, అదే అమెరికన్ సైజు. మనం దుకాణాల్లో చెప్పే సైజు బ్రిటిష్ లెక్క. అది అమెరికన్ కంటే ఒకటి తక్కువ: అమెరికన్ 9 అంటే మన 8. ఈ లెక్కతో వచ్చే సైజు చాలామందికి వాళ్ళ స్పోర్ట్స్ షూ కంటే అర నుంచి ఒకటి తక్కువ ఉంటుంది. అనుమానపడి పెంచకండి.

వెడల్పుకి అక్షరాలున్నాయి: ఎన్ సన్నం, ఆర్ మామూలు, డబ్ల్యూ వెడల్పు. ముందు ఎక్స్ చేరితే ఆ వైపే ఇంకాస్త. ఆర్ అన్నది బజారు లెక్కలో డి దగ్గర, డబ్ల్యూ అన్నది డబుల్ ఈ దగ్గర. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో పెరిగిన పాదం వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటుంది. అలాంటి పాదానికి ఆర్ ఇరుకైతే సైజు పెంచొద్దు, అదే సైజులో డబ్ల్యూ వెతకండి. సైజు పెంచితే వేళ్ళ దగ్గర చోటు వస్తుంది, అసలు వంగాల్సిన చోటు మాత్రం ముందుకు జరిగిపోతుంది. బూటు వంగే గీత బొటనవేలి మొదలు కీలు మీదే పడాలి. అది ముందుకు పడితే మడత వేళ్ళ పైచర్మాన్ని నొక్కి కోస్తుంది. దాన్ని ఏ నూనే బాగుచేయలేదు.

తొడిగి చూసేటప్పుడు లేసులు పూర్తిగా వదులు చేసి, వేళ్ళు ముందు గోడకి తగిలేదాకా పాదాన్ని తోయండి. అప్పుడు మడమ వెనక ఒక చూపుడువేలు దూరాలి. రెండు వేళ్ళు దూరితే పెద్దది. లేసులు కట్టి నడిచినప్పుడు మడమ అర సెంటీమీటరు దాకా లేస్తే సోల్ వంగడం మొదలయ్యాక తగ్గుతుంది. సెంటీమీటరు లేస్తే తగ్గదు. చిటికెనవేలి పక్కన నొప్పిగా కాక బిగువుగా ఉంటే అది సాగే బిగువు. పైనుంచి పాదం ఎముక మీద నొక్కుతుంటే లేసు పద్ధతి మార్చి చూడండి. లోపల మెత్తటి ఇన్సోల్ వేసుకునే ఉద్దేశం ఉంటే కొలిచే రోజే వేసి చూడాలి. 3 మిల్లీమీటర్ల ఇన్సోల్ కూడా ఆర్ వెడల్పుని బాగా ఇరుకు చేస్తుంది.

తోలు సిద్ధం చేయడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. శాడిల్ సబ్బుతో (తోలు శుభ్రం చేసే సబ్బు) పాత పాలిష్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి, ఒక్కో బూటుకి చెంచాడు కండిషనర్ చేత్తోనే రుద్దండి. వంపు దగ్గర, చీలమండ దగ్గర, నాలుక మడతల్లో ఎక్కువ, టో మీద దాదాపు వద్దు. రాత్రంతా వదిలేసి మిగిలింది తుడిచేయండి. ఇంకా గట్టిగా ఉంటే మర్నాడు ఇంకో చెంచా. ఒకేసారి నాలుగు చెంచాలు పోస్తే తోలు గుడ్డలా మెత్తబడి చీలమండకి ఆసరా పోతుంది, పాలిష్ ఎన్నటికీ నిలవదు. పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెతో ఎక్కువగా జరిగేది ఇదే.

మన ఇళ్ళలో చెప్పులకి ఆముదం రాసేవాళ్ళు. రంగూ పూతా లేని చెప్పు తోలుకి అది బాగా పనిచేసింది. పూత వేసిన ఈ క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును పెట్టినది) మీద అది పూర్తిగా ఇంకదు, జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరినూనె ఇంకుతుంది కానీ చలికాలంలో గడ్డకట్టి తెల్లగా పైకి తేలుతుంది. రెండూ వద్దు.

అన్నిటికంటే చెడ్డ సలహా, బూట్లని నీళ్ళలో నానబెట్టి కాళ్ళ మీదే ఆరేదాకా నడవమనడం. సైనికులు అలా చేశారన్నది నిజమే కావచ్చు, వాళ్ళకి పాడైతే ఇంకో జత ఇచ్చేవాళ్ళు. యాభై ఏళ్ళ తోలులో మిగిలిన కాస్త కొవ్వూ నీళ్ళతో పోతుంది, ఆరాక ముందుకంటే బిరుసవుతుంది. లోపల ఇనుము ఎక్కడుంటే అక్కడ తుప్పు పడుతుంది. ఎండలో, స్టవ్ పక్కన ఆరబెడితే వంపు దగ్గర తోలు చిట్లుతుంది.

పని చేసే పద్ధతి నిదానమైనది. మొదటి వారం ఇంట్లోనే, రోజుకి గంట, మెట్లు ఎక్కి దిగుతూ. మెట్లు ఎక్కేటప్పుడు సోల్ వంగుతుంది, దిగేటప్పుడు చీలమండ దగ్గర మడతలు పడతాయి. రెండో వారం రెండు మూడు కిలోమీటర్లు బయట. లోపల పల్చటి నైలాన్ మేజోడు, దాని మీద మందపాటి ఉన్ని మేజోడు వేస్తే రాపిడి రెండు మేజోళ్ళ మధ్యే జరుగుతుంది. ఒట్టి కాటన్ చెమట పట్టుకుని చర్మాన్ని మెత్తబరుస్తుంది, బొబ్బలెక్కుతాయి. ఎక్కడైనా వేడిగా అనిపించగానే ఆగి టేపు వేయండి. బూటు కరిచాక వేసే టేపుతో లాభం తక్కువ. బూటు కరిచే చోటు ఎక్కువగా మడమ పైన, కౌంటర్ పై అంచు దగ్గర. ఆ అంచుని గుండ్రటి కర్రకి ఆనించి బొటనవేళ్ళతో బయటికి వంచుతూ పోతే లొంగుతుంది. సుత్తితో కొడితే కౌంటర్ విరిగి లోపలికి పొడుచుకొస్తుంది.

ఒకే చోట నొక్కుతుంటే, ఉదాహరణకి చిటికెనవేలి కీలు దగ్గర, బాల్ అండ్ రింగ్ స్ట్రెచర్ కావాలి. లోపల గుండు, బయట రింగు ఉండే పటకారు అది. పైన చెప్పిన ఆల్కహాల్ నీళ్ళు ఆ చోట చల్లి, బిగించి, రాత్రంతా ఉంచాలి. పాతబస్తీలోనో మీ ఊరి పెద్ద చెప్పుల దుకాణంలోనో అచ్చు కట్టి సాగదీసేవాళ్ళుంటే వాళ్ళకిచ్చినా సరే.

నాలుక రెండు పక్కలా తోలు మడత ఉంటుంది, నీళ్ళు రాకుండా. ప్రతిసారీ దాన్ని ఒకే తీరుగా, చదునుగా మడిచి లేసు బిగించాలి. ముడత పడితే పిక్క కింద ఎర్రటి గీత పడుతుంది, చాలామంది దాన్ని బూటు లోపమనుకుంటారు. లేసు 72 అంగుళాలది సరిపోతుంది. పాదం మీద వదులుగా, చీలమండ వంపులో ఒక మెలిక అదనంగా తిప్పి బిగువుగా, పైన మళ్ళీ వదులుగా కడితే మడమ లేవదు, పిక్క పట్టేయదు.

చాలాకాలం వాడాక నా తీర్పు సూటిగా: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, రాళ్ళ మీద, ముళ్ళ పొదల్లో, మోటార్‌సైకిల్ మీద దీనికి తిరుగులేదు. ఏప్రిల్, మే ఎండల్లో తెలంగాణలోగానీ రాయలసీమలోగానీ వేసుకోవడం శిక్షే. నల్ల తోలు వేడెక్కుతుంది, చెమట బయటికి పోయే దారి లేదు. రోజు విడిచి రోజు వేసి, మధ్యలో పాత దినపత్రికలు కుక్కి పెడితేనే లోపల ఆరుతుంది. వర్షాకాలపు నల్లరేగడిలో చెవ్రాన్ గీతలు నిండిపోయి అడుగు నున్నగా అయిపోతుంది. అక్కడ జంగిల్ బూటు పనామా సోలే మేలు. దాని వాలు దిమ్మలు వంగినప్పుడల్లా బురదని బయటికి తోస్తాయి. పైగా రంధ్రాల్లోంచి నీళ్ళు పోతాయి, గుడ్డ త్వరగా ఆరుతుంది. అయితే "స్పైక్ ప్రొటెక్టివ్" అని రాసి ఉన్న జంగిల్ బూట్ల సోల్‌లో ఉక్కు రేకు ఉంటుంది. మేకులు దిగవు, కానీ అరికాలు బిగుసుకున్నట్టుంటుంది, విమానాశ్రయంలో విప్పక తప్పదు.

సోల్ అరిగాక ఏం చేయాలో కొనేముందే ఆలోచించుకోండి. ఈ పోత సోల్‌ని (డైరెక్ట్ మోల్డెడ్) ఊడదీసి కొత్తది కుట్టడం కుదరదు. ఆరెతో (తోలు కుట్టే సూది) పక్కల కుట్టు వేయబోతే తోలు అంచే బలహీనపడుతుంది. గీతలు పూర్తిగా పోకముందే మోచీకి ఇచ్చి, పాత రబ్బరుని సమంగా రాపిడి పట్టించి, 5 మిల్లీమీటర్ల రబ్బరు అర సోల్, మడమ ముక్క సొల్యూషన్‌తో (రబ్బరు జిగురు) అతికించాలి. సొల్యూషన్ రెండు వైపులా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాకే ఒత్తాలి. తడిగా ఉండగానే అతికిస్తే కొద్ది రోజుల్లో ముందు అంచు లేస్తుంది. ఇలా రెండుసార్లు దాకా చేయించుకోవచ్చు. పదే పదే సోల్ మార్పించుకుంటూ వాడాలనుకునేవాళ్ళు చెవ్రాన్ సోల్ వదిలేసి, అంతకుముందు తరం గుడ్‌ఇయర్ వెల్ట్ జత కోసం ఆగడమే నయం. దొరకడం అరుదు, ధరా ఎక్కువే.