సెకండ్ హ్యాండ్ కారు బేరంలో ఏది మేలు: మార్కెట్ ధర వాదనా, మెకానిక్ లెక్కా?

ఈ మధ్య నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నానని తెలిసినప్పటి నుంచి పరిచయస్తులు అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒక్కటే: ధర తగ్గించమనడానికి అలాంటి కార్లకు బయట పలుకుతున్న ధరలను చూపించాలా, లేక కారును మెకానిక్‌కు చూపించి, బయటపడిన లోపాలను బట్టి అడగాలా? కాగితాలు సరిచూసుకోవడం, పగటి వెలుగులో చూడటం, స్వయంగా నడిపి చూడటం వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ రెండు పద్ధతులనూ నేను వేర్వేరు కార్ల దగ్గర వాడి చూశాను. మొదటిదానితో ఒకసారి నష్టపోయాను కూడా.

మార్కెట్ ధరల పద్ధతికి పైసా ఖర్చు లేదు. అదే మోడల్, అదే సంవత్సరం, అదే ఇంధనం, ఇంచుమించు అన్నే కిలోమీటర్లు తిరిగిన కార్ల ప్రకటనలు ఒక పది సేకరించి, అన్నిటికన్నా ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ పక్కన పెడితే, మిగిలినవాటి నడిమి ధర ఒక అంచనాకు పనికొస్తుంది. అయితే ఆ అంకెలన్నీ అడిగిన ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. పైగా సరసమైన ధరకు పెట్టిన కారు త్వరగా అమ్ముడై ప్రకటన మాయమవుతుంది, ఎక్కువ చెప్పినది వారాల తరబడి అక్కడే ఉంటుంది. అందువల్ల మనం చూసే జాబితా ఎప్పుడూ కొంచెం పైకే మొగ్గి ఉంటుంది. వీటిని అమ్మేవారి ముందు పెడితే వచ్చే జవాబు కూడా తెలిసిందే: ‘అయితే ఆ కారే తీసుకోండి.’ దానికి మన దగ్గర బదులుండదు.

అసలు లోపం మరొకటి ఉంది. సగటు ధర సగటు కారుకు చెల్లుతుంది. మన ముందున్న కారు సగటుదో కాదో ఆ జాబితా చెప్పదు. నేను మొదటి కారును ఇలాగే ధరల పట్టిక చూపించి చెప్పిన దానికన్నా తక్కువకు తెచ్చుకుని సంబరపడ్డాను, మూడు నెలలు తిరగకుండానే క్లచ్ పోయి, తగ్గించుకున్న దానికన్నా ఎక్కువే రిపేరుకు పోసాను. అమ్మేవారికి తెలిసింది కొనేవారికి తెలియకపోతే పాత కార్ల మార్కెట్ ఎలా దెబ్బతింటుందో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించారు: ఏది మంచిదో తెలియని కొనుగోలుదారు సగటు ధరకు మించి ఇవ్వడు, ఆ ధరకు మంచి కారున్నవారు అమ్మడానికి ముందుకు రారు. ఆయన సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా, నా క్లచ్ నాకు నేర్పింది అదే.

ఈసారి మెకానిక్ లెక్కను నమ్ముకున్నాను. మెకానిక్‌ను మనమే ఎంచుకోవాలి, అమ్మేవారు సూచించినవారు పనికిరారు. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడే చూడాలి, ఎందుకంటే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగా చప్పుడూ వేడెక్కిన తర్వాత దాగిపోవచ్చు. మా మెకానిక్ ముందుగా వంగి టైరు పక్క గోడ మీది నాలుగంకెలను చూపించాడు: 2318. అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ అప్పటివే. ‘టైర్ల గాడులు బాగానే ఉన్నాయి కదండీ’ అని యజమాని అన్నది నిజమే, కానీ గాడుల మధ్య రబ్బరు గట్టిపడి వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టాడు. ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను అమ్మకానికి ముందు చెరిపేస్తే హెచ్చరిక దీపం ఆరిపోతుంది గానీ, కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు కూడా మళ్లీ మొదటికి వచ్చి, కొంత ప్రయాణం సాగేదాకా ‘పూర్తి కాలేదు’ అనే చూపిస్తాయి. బ్యాటరీ తీసి పెట్టినా ఇలాగే కనిపిస్తుంది కనుక అదొక్కటే మోసానికి రుజువు కాదు. కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూస్తామని అడగడానికి మాత్రం అది చాలు. మా కారులో ఆ చిక్కు లేదు. ఉన్న చిక్కల్లా టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ: తయారీదారు చెప్పిన గడువు దాటిపోయింది, మార్చినట్టు సర్వీసు పుస్తకంలో ఎక్కడా లేదు. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ పాడవుతుంది.

నా దృష్టిలో బేరాన్ని తేల్చేది ఇక్కడి నుంచి వచ్చే లెక్కే, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. కనిపించిన ప్రతి గీతకూ సొట్టకూ ధర కట్టి తగ్గించమనడం న్యాయం కాదు, ఎందుకంటే ఆ వయసు కారుకు ఉండవలసిన అరుగుదల మార్కెట్ ధరలో అప్పటికే తగ్గి ఉంటుంది. దాన్ని మళ్లీ తీసేస్తే ఒకే లోపానికి రెండుసార్లు కోత పెట్టినట్టు అవుతుంది. ఆ వయసు కారులో ఉండకూడనిది ఏదుందో దానికే లెక్క కట్టాలి. యజమాని అడిగినది 100 అనుకుంటే, ప్రకటనల నడిమి ధర 96 వచ్చింది. సమయానికి చేయించవలసిన బెల్ట్ పని చేయించలేదు కనుక దాని ఖర్చు 3 పూర్తిగా తీశాను. కొత్త టైర్లకు 4 అవుతుంది. కానీ పాత కారుతో కొత్త టైర్లు ఎవరూ ఇవ్వరు, కొత్తవి వేయిస్తే ఏళ్ల తరబడి వాడుకునేది నేనే, అందుకని సగమే తీశాను. మిగిలింది 91. మెకానిక్ రాసిచ్చిన కాగితాన్ని యజమాని చేతికిచ్చి, ఏది ఎందుకు తీశానో, టైర్లకు సగమే ఎందుకు తీశానో చెప్పాను. ఆయన కాసేపు చదువుకుని, ‘బెల్ట్ సంగతి నాకు నిజంగా తెలియదండీ’ అన్నారు. బేరం 92 దగ్గర తెగింది. ‘ఆ కారే తీసుకోండి’ అన్న మాట ఈసారి రాలేదు, ఎందుకంటే మేము మాట్లాడుకున్నది వేరే కార్ల గురించి కాదు.

మెకానిక్ పద్ధతికి లోటు లేదనను. దానికి ఫీజు ఉంది, నచ్చిన ప్రతి కారుకూ అది పెట్టలేం. అందుకే కార్లను వడపోయడానికి మార్కెట్ ధరలు, చివరికి నిలిచిన ఒక్కదానికి మెకానిక్ అన్నది నా వరస. ముందే ఒక ధర అనుకుని తర్వాత తనిఖీ చేయించేటట్టయితే, ఆ ధర తనిఖీకి లోబడినదని మొదటి రోజే చెప్పాలి. లేకపోతే రెండోసారి తగ్గించమనడం మాట తప్పినట్టే కనిపిస్తుంది. కారు అడుగు చట్రం (ఛాసిస్) వంగినా, నీట మునిగిన జాడలున్నా, తాళం తిప్పగానే ఒకసారి వెలిగి ఆరిపోవలసిన ఎయిర్‌బ్యాగ్ దీపం అసలే వెలగకపోయినా బేరం మాట ఎత్తకుండా వెనుదిరగడమే నా పద్ధతి.

ఎంత చెప్పినా అందులో పదో వంతు తగ్గించమనే అలవాటు కొందరిది. అది ముందే ఊహించి పది కలిపి చెప్పేవారు ఉండనే ఉన్నారు. మొత్తం డబ్బు వెంటనే ఇస్తామనడం తొందరలో ఉన్నవారి దగ్గర కొంత పనిచేస్తుంది. ధర మార్చబోమని రాసిపెట్టే డీలర్ల దగ్గర ఏ వాదనా సాగదు. అక్కడ కూడా మెకానిక్ కాగితం చూపించి, ధర అలాగే ఉంచి బెల్ట్ మార్చి ఇమ్మని అడగవచ్చు.