నాలుగేళ్లుగా వాడుతున్న వాండొరెన్ 5ఆర్‌వీ లైర్ మౌత్‌పీస్

బరంపురంలో నాకు క్లారినెట్ నేర్పుతున్న మాస్టారు పెళ్లి మేళాలలో జీవితమంతా ఊదినవారు. ఆయన దగ్గర చేరిన మొదటి ఏడాది, పాత వాయిద్యంతో పాటు వచ్చిన పేరులేని మౌత్‌పీస్‌తోనే, అంటే నోట పెట్టుకొని ఊదే కొన భాగంతోనే, సాధన చేశాను. తారాస్థాయికి వెళ్లగానే అది కీచుమనేది. తప్పు నా పెదవులదే అనుకొని రోజూ మరో అరగంట కూర్చునేవాణ్ణి. ఒకనాడు మాస్టారు మౌత్‌పీస్‌కు బిగించే పలుచని రెల్లు బద్ద, రీడు, తీయించి, దాని స్థానంలో చిన్న అద్దం ముక్కను ఆనించి, సందులోకి పలుచని కాగితాన్ని మెల్లగా జొనిపారు. కాగితం అడ్డంగా తిన్నగా ఆగవలసింది, ఏటవాలుగా ఆగింది. అంటే రీడు ఆనే రెండు అంచులూ సమంగా లేవు. "నీ తప్పేం లేదురా, ఇది మార్చెయ్" అన్నారు.

కొత్తదాని కోసం మూడింటిని చూశాను. రీడు కొనకూ మౌత్‌పీస్ కొనకూ మధ్య ఉండే సందు యమహా 4సిలో 1.05 మిల్లీమీటర్లు, 5ఆర్‌వీ లైర్‌లో 1.095, వాండొరెన్ బి45లో 1.195. మొదటిదానికీ చివరిదానికీ తేడా ఒకటిన్నర కాగితం మందమే అయినా ఊపిరికి అది బాగానే తెలుస్తుంది. సందు ఎక్కువైతే మెత్తని రీడు కావాలి, స్వరం పెదవికి సులభంగా వంగుతుంది. తక్కువైతే గట్టి రీడు పెట్టుకోవచ్చు, స్వరం నిలకడగా ఉంటుంది. తోటి విద్యార్థి దగ్గర రెండు వారాలు అరువు తెచ్చుకున్న బి45పై తోడి రాగంలో గాంధారం మీది కంపితం హాయిగా పలికింది కాని, ఇరవై నిమిషాలకే పెదవి అలసి, నిలుపు స్వరాలు దిగజారేవి. ఆ లోటు నా దమ్ముదే. 4సి చాలా తేలికగా పలికింది. అప్పుడే మొదలుపెట్టేవారికి నేను చెప్పేది అదే. మాస్టారి వెంట ఆరుబయట మేళానికి వెళ్లడం మొదలుపెట్టిన నాకు మాత్రం ఇంకొంత నిండైన నాదం కావలసివచ్చింది కనుక నడిమిదాన్ని కోల్‌కతా నుంచి తెప్పించుకున్నాను.

మొదటి మూడు నెలలు నిజానికి నిరాశే మిగిలింది. పాత అలవాటు కొద్దీ రెండున్నర నంబరు రీడు (నంబరు పెరిగే కొద్దీ రీడు గట్టిది) పెట్టడంతో నాదం రేకు డబ్బాలా ఉండేది; మూడో నంబరుకు మారాకనే మంద్రం నిండింది, పై షడ్జం తడబడకుండా అందింది. ఈ నమూనా 442 హెర్ట్జ్ శ్రుతికి చేసినది కావడంతో, దానికంటే కాస్త తక్కువైన 440లో ఉన్న హార్మోనియంతో కలవాలంటే మౌత్‌పీస్ కింది గొట్టం ముక్క, బ్యారెల్‌ను కాస్త బయటికి లాగవలసి ఉంటుంది. అమెరికా శ్రుతి అయిన 440 కోసం వాండొరెన్‌లోనే విడిగా 13 సిరీస్ ఉందన్న సంగతి నాకు కొన్న తరువాతే తెలిసింది.

ఒక పొరపాటు మాత్రం నాదే. ఎంగిలి వాసన పోతుందని ఒకసారి వేడినీళ్లలో ముంచాను. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. గంటలోపే గంధకపు కంపు వచ్చి, నల్లని నునుపు పోయి పాచిరంగు తేలింది. నాదం మారలేదు, రంగు తిరిగి రాలేదు. ఇప్పుడు చన్నీళ్లతో కడిగి మెత్తని బట్టతో తుడుస్తున్నాను. ఇక వానాకాలంలో సముద్రతీరాన ఉన్న గోపాలపురం వైపు నుంచి వీచే తేమగాలికి రీడు కొన అలలుగా వంకర తిరుగుతుంది. అప్పుడు ఎంత మంచి మౌత్‌పీస్ అయినా పలకదు కాబట్టి, వాయించడం అయ్యాక రీడును తుడిచి, మాస్టారి ఆ అద్దం ముక్క మీదే బల్లపరుపుగా ఆరబెడుతున్నాను.