క్లినిక్ పక్కన మందుల షాపు: మనమే నడపాలా, అద్దెకివ్వాలా?

సొంత క్లినిక్ పెట్టే డాక్టరుకు గది, బల్ల, బోర్డు కుదిరాక ఎదురయ్యే మొదటి పెద్ద లెక్క మందుల షాపుదే. గుంటూరు కొత్తపేటలోనైనా, ఖమ్మంలోనైనా, చిన్న మండల కేంద్రంలోనైనా ఇదే తీరు. దారులు మూడున్నాయి. సొంత లైసెన్సు తెచ్చుకుని మనమే నడపడం ఒకటి. షాపు వేరేవాళ్లకు ఇచ్చి అమ్మకాల్లో శాతం తీసుకోవడం రెండోది. నెలకు ఇంత అని నికరమైన అద్దెకు ఇచ్చేయడం మూడోది. చిన్న క్లినిక్‌ల లెక్కలు చూడటమే నా పని. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను: ఒక్కరే డాక్టరు, రోజుకు నలభై యాభై ఓపీ ఉన్నచోట మూడోదే మేలు. మొదటిది కొందరికి మాత్రమే కలిసొస్తుంది. రెండోది ఎవరికీ వద్దు.

సొంత షాపు మీద ఆశ ఎందుకు పుడుతుందో తెలిసిందే. రోగి ఎలాగూ మందులు కొంటాడు, ఆ డబ్బు మన గల్లాలోనే పడితే ఏం పోయింది అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూద్దాం. రోజుకు 40 మంది ఓపీ అనుకోండి, వాళ్లలో 30 మంది మన దగ్గరే కొన్నారనుకోండి. సగటు బిల్లు 350 రూపాయలు, నెలకు 26 రోజులు. అమ్మకం 2,73,000. ధర నియంత్రణ ఉన్న మందులకు 2013 నాటి కేంద్ర ఔషధ ధరల ఉత్తర్వు ప్రకారం రిటైలరు మార్జిన్ 16 శాతం. మిగతావాటికి వాడుకలో 20 శాతం దాకా ఉంటుంది. సగటున 18 వేసుకుంటే చేతికి మిగిలేది 49,140. ఇందులోంచి ఫార్మసిస్టు జీతం 18,000, హెల్పరుకు 10,000, కరెంటు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివాటికి 3,500, ఎక్స్‌పైరీ, పగుళ్ల కింద ఒక శాతం తీసేయండి. 14,910 మిగులుతుంది. రాక్‌లో అయిదు లక్షల సరుకు పెట్టాం, దానికి నూటికి రూపాయి వడ్డీ లెక్కన అయిదు వేలు. చివరికి మిగిలేది పది వేల లోపే. అదే గది అద్దెకిస్తే చాలా ఊళ్లలో అంతకన్నా ఎక్కువే వస్తుంది.

ఇప్పుడు రోడ్డు అవతల మెడ్‌ప్లస్ తెరిచిందనుకోండి, లేదా అపోలో ఫార్మసీ. రోగి డిస్కౌంట్ అడుగుతాడు. పది శాతం తగ్గిస్తే నెలకు 27,300 పోతుంది. అంటే నెలనెలా మనమే ఎదురు పెట్టుకోవాలి.

ఓపీ రెట్టింపైతే కథ మారుతుంది. 60 మంది కొంటే అమ్మకం 5,46,000, మార్జిన్ 98 వేల పైచిలుకు. ఇంకో హెల్పర్ని పెట్టుకున్నా, సరుకు మీద వడ్డీ ఎనిమిది వేలకు పెరిగినా నలభై వేలు దాటి మిగులుతుంది. జీతం, అద్దె, ఫ్రిజ్ కరెంటు అమ్మకంతో పాటు పెరిగేవి కావు కదా. అందుకే ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కలిసి నడిపే పాలీక్లినిక్‌కు, రోజూ ఎనభై మంది వచ్చే పిల్లల డాక్టరుకు సొంత షాపు నిలబడుతుంది. మిగతావాళ్లు ఆ స్థాయికి చేరకముందే దిగితే నష్టపోతారు.

అసలు భారం డబ్బులో కన్నా రోజువారీ పనిలో ఉంది. రిటైల్ లైసెన్సులు ఫారం 20, 21లో తెచ్చుకోవాలి, కనీసం 10 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. కౌంటర్ తెరిచి ఉన్నంతసేపూ రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. సర్టిఫికెట్ ఒకరిది తెచ్చి గోడకు తగిలించి, మందులు మాత్రం పదో తరగతి పిల్లాడితో ఇప్పించే పద్ధతి మన దగ్గర ఇంకా ఉంది. ఫార్మసీ చట్టం 1948లోని 42వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అరగ్రాము మాత్రకు బదులు గ్రాము మాత్ర వెళ్లిపోయేది సరిగ్గా ఆ కౌంటర్ దగ్గరే. షెడ్యూల్ హెచ్1 మందులకు, అంటే కొన్ని యాంటీబయాటిక్స్, నిద్రమాత్రల్లాంటి కట్టుదిట్టంగా అమ్మాల్సిన వాటికి, వేరే రిజిస్టరు పెట్టి, డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రాసి మూడేళ్లు దాచాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. రాత్రి కరెంటు పోతే ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ ఎక్కుతుందో లేదో చూసుకోవాల్సింది కూడా మనమే.

స్ట్రిప్ కత్తిరించడాన్నే చూడండి. షుగరున్న పెద్దావిడ అయిదు మాత్రలే చాలంటుంది. మంచి ఫార్మసిస్టు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చయిన కొసను షాపులోనే ఉంచి, రెండో కొస వైపు నుంచి కత్తిరిస్తాడు. ఆవిడకిచ్చిన కవరు మీద మందు పేరూ, ఎక్స్‌పైరీ నెలా పెన్నుతో రాస్తాడు. తొందరలో ఉన్న హెల్పరు తేదీ ఉన్న కొసనే కోసి ఇచ్చేస్తాడు. మిగిలిన అయిదు మాత్రలూ ఏ బ్యాచో, ఎప్పటివో తెలియక డబ్బాలో పడి ఉంటాయి. మనకు సరుకు వేసే టోకు వ్యాపారి, అంటే స్టాకిస్టు, వాటిని వెనక్కి తీసుకోడు. ఎక్స్‌పైరీకి మూడు నెలల ముందే ఏరి పక్కన పెట్టకపోతే నిండు స్ట్రిప్‌లూ మన మీదే పడతాయి. లోపల గదిలో రోగిని చూస్తున్న డాక్టరు ఇవన్నీ గమనించలేరు. ఇంట్లో భార్యో, భర్తో, తమ్ముడో బీఫార్మ్ చదివి ఉండి రోజంతా కూర్చోగలిగితే సరే. లేకపోతే ఆ బాధ్యత పెట్టుకోవద్దు.

రెండో దారి, శాతం. పైకి చాలా తేలిక. షాపు వాళ్లే లైసెన్సు తెచ్చుకుంటారు, సరుకు పెట్టుకుంటారు, నెలాఖరుకు అమ్మకంలో ఇంత అని ఇస్తారు. కొన్నిచోట్ల ముందే గుడ్‌విల్ పేరుతో లక్షలు చేతిలో పెడతారు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ ఏర్పాటే. గుడ్‌విల్ ఇచ్చినవాడు దాన్ని రాబట్టుకోవాలి. అందుకోసం ఎంఆర్‌పీ వంద ఉండి షాపుకు ఇరవై ముప్పైకే పడే బ్రాండ్లు తెచ్చి పెడతాడు, "సార్, ఇవి కాస్త రాయండి" అంటాడు. డాక్టరు వాటా కూడా ఆ అమ్మకంలోనే ఉంది కాబట్టి కాదనడం కష్టం. మూడు రోజుల జ్వరానికి బిల్లు ఎనిమిది వందలవుతుంది. కూలికి వెళ్లే మనిషి ఎదుట నిలబడి ఆ బిల్లు చూసుకుంటుంటే, చీటీలో ఏది అవసరమో ఏది కాదో అతనికి తెలిసే దారి లేదు. డాక్టరు మీద నమ్మకంతోనే అతను జేబులో చెయ్యి పెడతాడు.

వృత్తి నియమావళి కూడా ఇక్కడ స్పష్టంగానే ఉంది. మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన నియమావళిలోని 6.4, రోగిని పంపినందుకో సిఫారసు చేసినందుకో కమీషన్ గానీ రిబేటు గానీ పుచ్చుకోవద్దంటుంది. 6.3 ప్రకారం ఇతర డాక్టర్ల చీటీలకు మందులమ్మే షాపు డాక్టరు నడపకూడదు. తన రోగులకు తాను మందులివ్వడం మాత్రం తప్పు కాదు, వాళ్లను దోచుకోనంతవరకు. సొంత షాపు పెట్టే డాక్టర్లు ఈ 6.3ను ఒకసారి చదువుకుంటే మంచిది. వీధిలోంచి వచ్చే ప్రతి చీటీకీ మందులమ్మితేనే గిట్టే లెక్క వేసుకుని దిగితే, మొదటి రోజే నియమానికి ఎదురు నడిచినట్టవుతుంది.

ఇక నికరమైన అద్దె. దీంట్లో వచ్చే డబ్బు పెద్దది కాదు, కానీ ఒకటో తారీఖున వస్తుంది. ఓపీ పడిపోయిన నెలలో కూడా మారదు. చీటీలో ఒక మందు తగ్గించినా మన ఆదాయం తగ్గదు, రెండు పెంచినా పెరగదు. నాకు నచ్చింది ఇదే. డాక్టరు పెన్ను ఒకవైపు, గల్లా పెట్టె ఇంకోవైపు ఉంటాయి.

పన్ను వైపు ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. వైద్యం ఫీజుల మీద జీఎస్టీ లేదు. కేవలం ఫీజులే ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. షాపు గది అద్దెకిచ్చారంటే ఆ అద్దె జీఎస్టీ పడే రాబడి. అప్పుడు రిజిస్ట్రేషన్‌కున్న ఏడాదికి 20 లక్షల పరిమితి చూసేటప్పుడు అద్దెతో పాటు పన్ను లేని ఫీజులూ మొత్తం టర్నోవరులోకి వస్తాయి. ఏడాదికి 22 లక్షల ఫీజులొచ్చే డాక్టరు నెలకు 15 వేల అద్దె కోసం జీఎస్టీ నంబరు తీసుకోవాల్సి రావచ్చు. మందులు తామే అమ్మినా ఫీజులు ఇలాగే కలుస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్కువ మందుల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గిన మాట నిజమే, రిటర్నులు వేసే పని మాత్రం తగ్గలేదు. ఆదాయపు పన్నులో వృత్తి నిపుణులకున్న, రాబడిలో సగాన్ని లాభంగా చూపే పద్ధతి ఫీజులకే వర్తిస్తుంది. మందుల అమ్మకం వ్యాపారం, దాని లెక్క వేరు. రెండూ ఒకే ఖాతాలో, ఒకే ఫోన్‌పే స్కానర్‌లో వేసుకుంటే మార్చిలో విడదీయడం నరకం.

మారుమూల ఊళ్లో, దగ్గర్లో వేరే షాపు లేని చోట డాక్టరు ఏం చేయాలి? అక్కడ నేను అద్దె మాట ఎత్తను. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ కె ప్రకారం, షాపులా తెరిచి పెట్టకుండా, తన రోగులకు మాత్రమే మందులిచ్చే డాక్టరుకు సేల్ లైసెన్సు అవసరం లేదు. షరతులు పాటించాలి, కొన్న బిల్లులు దాచాలి. ముప్పై నలభై రకాల మందులు అల్మారాలో పెట్టుకుని, ఇచ్చినదల్లా చీటీ మీద రాసిస్తే రోగికి పదిహేను కిలోమీటర్ల ఆటో ఖర్చు తప్పుతుంది. అలాంటి చోట ఇదే సరైన పని.

అద్దెకిచ్చేవాళ్లు ఒప్పందంలో కొన్ని మాటలు తప్పకుండా రాయించుకోండి. గుడ్‌విల్ వద్దు, మూడు నాలుగు నెలల అద్దె అడ్వాన్సు చాలు. క్లినిక్ తెరిచి ఉన్న వేళల్లో ఫార్మసిస్టు ఉండాలి. డాక్టరును అడగకుండా మందు మార్చకూడదు. ప్రతి అమ్మకానికీ బ్యాచ్ నంబరుతో బిల్లు ఇవ్వాలి. చవక జనరిక్ ఉంటే రోగికి ముందు దాన్నే చూపాలి. "మందులు ఎక్కడైనా కొనుక్కోవచ్చు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి వెయిటింగ్ హాల్లో, షాపు కిటికీ ఎదురుగా పెట్టాలి. ఈ చివరి మాట దగ్గర బేరమాడే షాపు యజమానికి గది ఇవ్వకండి.