వయొలిన్ వెళ్లిపోయాక వినిపించిన గిటార్

ఫ్రెంచ్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు తిరిగే రాక్ సంగీతం) అనగానే మాట మాగ్మా, గాంగ్, ఆంజ్ బ్యాండ్‌ల దగ్గరే ఆగిపోతుంది. మెస్ నగరం నుంచి వచ్చిన అతోల్ పేరెత్తేవాళ్లు తక్కువ, ఆ బ్యాండ్ గిటారిస్టు క్రిస్తియాన్ బేయా గురించి మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. నా బాధంతా అదే. ఏళ్ల తరబడి వింటున్నా ఆ గిటార్ మీద మోజు తీరలేదు నాకు.

ఎవరడిగినా అతోల్ 1975 నాటి ఆల్బమ్ 'లరేన్యే-మాల్' వినమని, అందులోనూ 'కజోత్ నంబర్ 1' తోనే మొదలుపెట్టమని చెప్పేవాణ్ణి. రిషార్ ఒబేర్ వయొలిన్, బేయా గిటార్ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. ఆ ఒక్క ట్రాక్ విషయంలో ఇప్పటికీ అదే మాట. కానీ రికార్డు రెండో వైపంతా పరుచుకున్న టైటిల్ సూట్‌లో (ఆల్బమ్ పేరే పెట్టుకున్న, భాగాలుగా సాగే పొడవాటి రచనలో) గాయకుడు ఆంద్రే బాల్జే గొంతు రంగస్థలం మీది నటుడిలా ముందుకొచ్చేస్తుంది. ఫ్రెంచ్ రాని నాలాంటివాడు గిటార్ కోసం చాలాసేపు కాచుకోవాలి.

1977లో వచ్చిన ఆల్బమ్ 'తెర్సియో' నాటికి ఒబేర్ బ్యాండ్‌లో లేడు. వయొలిన్ లేని అతోల్ ఎలా ఉంటుందోనని పెద్దగా ఆశ పెట్టుకోకుండానే విన్నాను. చివర్లో రెండు భాగాల 'త్యునెల్' వచ్చేసరికి చేస్తున్న పని ఆపి కూర్చున్నాను. 'కజోత్'లో పైస్థాయి వయొలిన్‌ది కాబట్టి గిటార్ పరుగు తీసి తన చోటు సంపాదించుకోవాలి. ఇక్కడ ఆ పోటీ లేదు. బేయాకి తొందర లేదు. ఒక్క స్వరాన్ని పట్టుకుని, తీగని మెల్లగా లాగి, అది సన్నబడేదాకా వదలడు. కింద మిషెల్ తాయే కీబోర్డులు పరుచుకుని ఉంటాయి. తర్వాతి మాట ఎప్పుడంటాడా అని మనం చెవి అటే వేసి ఉంచుతాం. కర్ణాటక వయొలిన్ వింటూ పెరిగిన చెవికి ఆ లాగుడు ఎక్కడో తెలిసినదే అనిపిస్తుంది. వేగంగా వాయించే గిటారిస్టులు బోలెడుమంది ఉన్నారు, ఇలా ఓపిగ్గా పలికించేవాళ్లు అరుదు.

అలాగని 'తెర్సియో' అంతా ఇదే స్థాయిలో ఉందనను. 1975 నాటి మొరటుతనం పోయి నునుపెక్కింది. మాగ్మా గాయని స్టెల్లా వాందేర్ కూడా వెనక గొంతు కలిపిన బృందగానం బాగుంటుంది, కొన్ని రోజులు మాత్రం ఎక్కువైనట్టు తోస్తుంది. పాటే వద్దనుకునేవాళ్లకి ఫ్రాన్స్‌లోని నీస్ నగరపు బ్యాండ్ షైలాక్ చేసిన ఆల్బమ్ 'జియలోర్గ్' ఉంది. అంతా వాద్య సంగీతమే, ఫ్రెదెరిక్ లెపే గిటార్‌లో గొప్ప క్రమశిక్షణ ఉంది. గౌరవం కలుగుతుంది గానీ నా మనసు బేయా దగ్గరికే పోతుంది.

నేను వినేది రాత్రి పని ముగిశాక, హెడ్‌ఫోన్స్‌లో. ట్రాఫిక్‌లో కారు నడుపుతూ విన్నప్పుడు సగం స్వరాలు హారన్లలో కలిసిపోయాయి. తీరిక ఉండి, గిటారే కావాలంటే ముందు 'తెర్సియో' వినండి. ఫ్రెంచ్ వచ్చి, నాటకీయత ఇష్టపడేవాళ్లయితే 'లరేన్యే-మాల్' ముందు పెట్టుకోవడమే మేలు, ఆ సూట్ నాకంటే మీకే ఎక్కువ అందుతుంది.